ఒక్క ఫెర్మీ తేడాలో తారుమారయ్యే బలం

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు... ఈ దారిలో ఏ జూనియర్ కాలేజీకి వెళ్ళి సెకండ్ ఇయర్ ఎంపీసీ పిల్లల్ని కేంద్రక బలం గురించి అడిగినా నాలుగు ముక్కలు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. అన్ని బలాల్లోకీ బలమైనది, చాలా తక్కువ దూరమే పనిచేస్తుంది, ఆవేశంతో పని లేదు, సంతృప్తత ఉంటుంది. మార్కులు పడతాయి. అదే పిల్లల్ని "ఎంత దూరంలో బలమైనది? ఎక్కడి నుంచి దాని పని అయిపోతుంది? మరీ దగ్గరికి నెడితే ఏమవుతుంది?" అని అడిగితే చాలామంది తడబడతారు. తప్పు వాళ్ళది కాదు. గురుత్వాకర్షణకైనా, విద్యుత్ బలానికైనా స్కూలు రోజుల నుంచీ ఒకటే లెక్క నేర్పుతున్నాం: దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు. ప్రోటాన్లు, న్యూట్రాన్ల మధ్య, అంటే రెండు న్యూక్లియాన్ల మధ్య పనిచేసే బలానికి అలాంటి ఒక్క వాక్యపు సూత్రం లేదు. అది దూరంగా ఉన్నప్పుడు ఒక కారణం వల్ల, కాస్త దగ్గరైతే ఇంకో కారణం వల్ల, మరీ దగ్గరైతే మూడో కారణం వల్ల పుడుతుంది. ఈ మూడింటినీ విడదీసి చూడకపోతే ఆ నాలుగు ముక్కలూ విడివిడిగా గుర్తుంటాయి తప్ప, ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా వచ్చిందో ఎప్పటికీ అర్థం కాదు.

ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి భౌతికశాస్త్రంలో కేంద్రకాల అధ్యాయంలో ఒక గీత ఉంది. అడ్డంగా రెండు న్యూక్లియాన్ల మధ్య దూరం ఫెర్మీల్లో, నిలువుగా వాటి స్థితిజ శక్తి మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో, పొట్టిగా ఎంఈవీల్లో. ఫెర్మీ అంటే మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఈ గీతను కుడివైపు నుంచి ఎడమకు చదవడం మంచిది, ఎందుకంటే రెండు న్యూక్లియాన్లు దూరం నుంచి దగ్గరికి వచ్చే వరుస అదే. 3 ఫెర్మీల అవతల గీత దాదాపు సున్నాకు అతుక్కునే ఉంటుంది. 2 దాటి లోపలికి వచ్చాక కిందికి వంగడం మొదలుపెడుతుంది, 1 దగ్గర జారుడు బాగా పెరుగుతుంది, 0.8 ఫెర్మీ చుట్టుపక్కల సుమారు 100 ఎంఈవీల లోతున అడుగు తాకుతుంది. అక్కడి నుంచి ఎడమకు అర ఫెర్మీ కూడా పోకముందే నిలువు గోడలా పైకి లేస్తుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. గొయ్యి అడుగున ఉంది కాబట్టి 0.8 ఫెర్మీ దగ్గర ఆకర్షణ అన్నిటికన్నా ఎక్కువ అనుకుంటారు. అది శక్తి గీత, బలం గీత కాదు. బలం కావాలంటే గీత వాలు చూడాలి. గ్రాఫ్ షీట్ మీద సెంటీమీటరుకు 0.2 ఫెర్మీ చొప్పున స్కేలు తీసుకుని, గీత మీద అక్కడక్కడా స్పర్శరేఖలు గీసి చూడండి. అడుగున స్పర్శరేఖ అడ్డంగా పడుకుంటుంది, అంటే అక్కడ బలం సున్నా. దానికి కాస్త కుడిపక్కన, 1 ఫెర్మీ దగ్గర్లో, రేఖ బాగా నిటారుగా నిలబడుతుంది, ఆకర్షణ గరిష్ఠం అక్కడే. అడుగుకు ఎడమపక్క వాలు దిశ మారిపోతుంది, ఆకర్షణ కాస్తా వికర్షణ అవుతుంది. పది నిమిషాల పని, ఏ క్లాసులోనైనా చేయించొచ్చు, కానీ బిట్ల హడావుడిలో దీన్ని ఎగరగొట్టేస్తారు, అది బాధాకరం.

అంకెలు చూస్తే ఈ గీత ఎంత ఘోరమైనదో తెలుస్తుంది. 1 ఫెర్మీ దూరంలో రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ కూలుంబ్ సూత్రం ప్రకారం 230 న్యూటన్లు. అంటే దాదాపు 23 కిలోలు, ఇంటికి తెచ్చుకునే బియ్యం బస్తా బరువు, కంటికి ఏ మైక్రోస్కోపులోనూ కనపడని ఒక్క ప్రోటాన్ మీద. అదే దూరంలో కేంద్రక ఆకర్షణ పదివేల న్యూటన్ల స్థాయిలో ఉంటుంది. వంద ఎంఈవీల ఎత్తును ఒక ఫెర్మీ దూరంలో దిగితే వచ్చే సగటు వాలు లెక్కవేస్తే 16,000 న్యూటన్లు వస్తుంది. "విద్యుత్ బలం కన్నా దాదాపు వంద రెట్లు" అనే మాట ఇక్కడి నుంచి వచ్చిందే, కాకపోతే అది ఈ ఒక్క దూరం దగ్గర మాత్రమే చెల్లే మాట.

ఇక మొదట్లో చెప్పిన ఆ మూడు కారణాల్ని మూడు పొరలుగా చూద్దాం. ముందుగా బయటి పొర. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టాక ఒక చిక్కు వచ్చి పడింది. కేంద్రకంలో ఉన్నవన్నీ ధనావేశం ఉన్న ప్రోటాన్లు, ఆవేశమే లేని న్యూట్రాన్లు అయితే వాటిని కట్టి ఉంచేదేమిటి? విద్యుత్ బలం విడగొడుతుంది, గురుత్వాకర్షణ లెక్కలోకే రానంత చిన్నది. నిజానికి అంతకు పదకొండేళ్ళ ముందే, 1921లో, చాడ్విక్, బీలర్ ఆల్ఫా కణాల్ని, అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దల్ని, హైడ్రోజన్ మీదికి వదిలి చూసినప్పుడు, చాలా దగ్గరగా తగిలిన చోట్ల విలోమ వర్గ నియమం పనిచేయడం లేదని, అక్కడ ఇంకేదో చాలా తీవ్రమైన బలం ఉందని తేలింది. జవాబు 1935లో జపాన్ నుంచి వచ్చింది. హిడెకి యుకావా చెప్పింది ఇదీ: రెండు న్యూక్లియాన్లు ఒక బరువైన కణాన్ని అటూ ఇటూ మార్చుకుంటాయి, ఆ మార్పిడే బలం. ఆ కణం పుట్టడానికి కావలసిన శక్తి ప్రకృతి దగ్గర అప్పు, అనిశ్చితత్వ సూత్రం ప్రకారం అప్పు ఎంత పెద్దదైతే అంత తొందరగా తీర్చేయాలి. బరువైన కణానికి గడువు తక్కువ, ఆ గడువులో కాంతి వేగంతో పరిగెత్తినా అది పోగలిగే దూరం తక్కువ. అదే బలం వ్యాప్తి.

లెక్క ఒక్క భాగహారమే. 197ను (ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం కలిపితే ఈ కొలతల్లో వచ్చే అంకె ఇది) ఆ కణం శక్తితో, అంటే ఎంఈవీల్లో దాని ద్రవ్యరాశితో భాగిస్తే వ్యాప్తి ఫెర్మీల్లో వచ్చేస్తుంది. యుకావా వెనక నుంచి చేశాడు: వ్యాప్తి 2 ఫెర్మీల దగ్గర్లో ఉందని తెలుసు కాబట్టి కణం 100 ఎంఈవీ ఉండాలి, ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు. 1936లో కాస్మిక్ కిరణాల్లో సరిగ్గా ఆ బరువుకు దగ్గరగా ఒక కణం దొరికింది, అందరూ అదే అనుకున్నారు. అది మ్యూయాన్, కేంద్రకాన్ని అసలు పట్టించుకోకుండా దూసుకుపోయే రకం. యుకావా చెప్పిన అసలైన కణం, పయాన్, 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం ఫొటోగ్రాఫిక్ ప్లేట్లలో దొరికింది. ఈ కథలో మన దేశం వాటా కూడా చెప్పుకోవాలి. 1940 ప్రాంతంలో బిభా చౌధురి, డి.ఎం. బోస్ డార్జిలింగ్ కొండల మీద, సందక్‌ఫులో, ప్లేట్లు పెట్టి కాస్మిక్ కిరణాల్లో మీసాన్ల, అంటే ఎలక్ట్రాన్‌కూ ప్రోటాన్‌కూ నడుమ బరువున్న కణాల, జాడలు చూశారు, యుద్ధకాలంలో అంతకన్నా మంచి ప్లేట్లు దొరక్క ఆ పని ముందుకు సాగలేదు. యుకావాకు 1949లో, పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చాయి. బిభా చౌధురి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క లైనులోనైనా ఉండాల్సింది.

ఆవేశమున్న పయాన్ ద్రవ్యరాశి 139.6 ఎంఈవీ. 197ను దీంతో భాగిస్తే 1.4 ఫెర్మీ. విద్యుత్ బలం మోసే ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదు, అందుకే దానికి హద్దు లేదు. కేంద్రక శక్తి మాత్రం ప్రతి 1.4 ఫెర్మీకి 2.7వ వంతుకు పడిపోతూ పోతుంది, పైగా దూరంతో మామూలుగా తగ్గేది ఎటూ ఉంది. ఈ రెండు తరుగుదలలూ కలిస్తే ఏమవుతుందో రెండు ప్రోటాన్ల విషయంలో, స్పిన్‌లు (కణాలకు పుట్టుకతోనే ఉండే తిరుగుడు లాంటి గుణం) ఎదురెదురుగా ఉన్నప్పుడు, ఒక్క పయాన్ మార్పిడి వరకే లెక్క కట్టి చూద్దాం. 2 ఫెర్మీల దగ్గర పయాన్ ఇచ్చే ఆకర్షణ శక్తి సుమారు 1.8 ఎంఈవీ, విద్యుత్ వికర్షణది 0.72. కేంద్రక బలానిదే పైచేయి. 3 దగ్గర 0.6, 0.48, దాదాపు సరిసమానం. 4 ఫెర్మీలకు వచ్చేసరికి 0.23, 0.36, తరాజు విద్యుత్ వైపు మొగ్గింది. 10 ఫెర్మీల దగ్గర పయాన్ వాటా ఎంఈవీలో వెయ్యో వంతు దగ్గరికి దిగిపోతే విద్యుత్‌ది ఇంకా 0.14 ఉంటుంది, వంద రెట్లు తేడా, ఈసారి అటువైపు. అన్ని బలాల్లోకీ బలమైనది అనే మాటకు 3 ఫెర్మీల అవతల శక్తి లెక్కలో విలువ లేదన్నమాట.

ఈ నాలుగు అంకెలు పీరియాడిక్ టేబుల్ ఎక్కడ ఆగిపోవాలో చెప్పేస్తాయి. సీసం-208 కేంద్రకం వ్యాసార్థం 7 ఫెర్మీల పైచిలుకు, అంటే ఈ చివర నుంచి ఆ చివరకు 14. ఒక చివరన ఉన్న ప్రోటాన్‌ను పక్కనున్న కొద్ది న్యూక్లియాన్లే పట్టి ఉంచుతాయి, కానీ మిగతా 81 ప్రోటాన్లూ, ఆ చివరన ఉన్నవాటితో సహా, దాన్ని బయటికి నెడుతూనే ఉంటాయి. అందుకే బరువైన కేంద్రకాలకు ఆకర్షించడం తప్ప విద్యుత్‌తో నెట్టడం తెలియని న్యూట్రాన్లు ఎక్కువ కావాలి, సీసంలో 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు. అయినా ఒక హద్దు దాటాక కుదరదు. సీసం పక్కనే ఉన్న బిస్మత్-209 స్థిరమైనదనే చాలాకాలం అనుకున్నారు, 2003లో అది కూడా ఆల్ఫా కణాన్ని వదులుతుందని కొలిచారు, అర్ధాయువు సుమారు 2 × 10¹⁹ సంవత్సరాలు.

ఆల్ఫా కణం బయటపడడం అంటేనే ఈ రెండు బలాల దూరాల పోటీ. యురేనియం-238 లోపల ఉన్నంతసేపూ ఆల్ఫాను కేంద్రక బలం పట్టుకుని ఉంటుంది. అంచు దగ్గర, 9 ఫెర్మీల చుట్టుపక్కల, విద్యుత్ గోడ ఎత్తు 28 ఎంఈవీల స్థాయిలో ఉంటుంది. ఆల్ఫా దగ్గరున్నది 4.2 మాత్రమే. ఎక్కి దూకలేదు, 1928లో గామోవ్ చెప్పినట్టు గోడలో నుంచే అవతలికి తేలుతుంది, అదీ మధ్య నుంచి 60 ఫెర్మీల దూరంలో. అక్కడ కేంద్రక బలం జాడే లేదు, అక్కడి నుంచి దాన్ని విసిరేసేది అచ్చంగా విద్యుత్ బలమే. నెల్లూరు జిల్లా సైదాపురం వైపు అభ్రకం గనులు తెలిసినవాళ్ళకు ఇక్కడ ఒక చుట్టరికం కనపడుతుంది. రేడియేషన్ కొలిచే గైగర్ గొట్టం ముందుభాగాన గాజు పెడితే ఆల్ఫా లోపలికి రాదు, అందుకని అక్కడ కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే అభ్రకం రేకు బిగిస్తారు. అభ్రకం పొరలు పొరలుగా ఊడొస్తుంది, అంత పలచనైనా గొట్టం లోపలి పీడనం తేడాను ఓర్చుకుంటుంది. గాలిలో మూడు నాలుగు సెంటీమీటర్లు మించి పోలేని ఆల్ఫా ఆ రేకును దాటి లోపలికి వచ్చి టిక్కుమనిపిస్తే, ఆ టిక్కు వెనక ఉన్న శక్తి మొత్తం కేంద్రక బలం పట్టు తప్పిన చోట విద్యుత్ బలం ఇచ్చిందే.

మధ్య పొర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2 ఫెర్మీల లోపలికి వచ్చాక ఒక్క పయాన్ మార్పిడితో లెక్క సరిపోదు, ఒకేసారి రెండు పయాన్లు మారుతుంటాయి. రెండు పయాన్ల బరువు 280 ఎంఈవీ, వ్యాప్తి 0.7 ఫెర్మీ. గీతలో 1 ఫెర్మీ దగ్గర కనపడే లోతైన గొయ్యి చాలావరకు దీని పనే. కేంద్రకాల్ని నిజంగా కట్టి ఉంచుతున్నది కూడా ముఖ్యంగా ఈ మధ్య పొరే, బయటి పయాన్ తోక కాదు.

లోపలి పొరే అసలు వింత. 1951 దాకా ఎక్కువమంది ఆకర్షణ లోపలికి పోయేకొద్దీ పెరుగుతూనే ఉంటుందన్న ఊహతోనే ఉన్నారు. అప్పుడు రాబర్ట్ జాస్ట్రో, ఎక్కువ శక్తితో ప్రోటాన్లను ఢీకొట్టించిన ఫలితాలు చూసి, లోపల గట్టి వికర్షణ గుండు ఉంటే తప్ప ఇవి కుదరవన్నాడు. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఇంత చిన్న దూరాన్ని స్కేలు పెట్టి కొలవరు, వేగం పెంచి కొలుస్తారు. ప్రోటాన్‌ను 350 ఎంఈవీలతో నిలకడగా ఉన్న ఇంకో ప్రోటాన్ మీదికి వదిలితే వాటి మధ్య తరంగం సుమారు అర ఫెర్మీ దాకా వివరం చూపగలుగుతుంది. ఆకర్షణ ఉంటే ఆ తరంగం లోపలికి లాగబడుతుంది, వికర్షణ ఉంటే బయటికి తోయబడుతుంది, ఈ జరుగుబాటును ఫేజ్ షిఫ్ట్ అంటారు. ఎదురెదురు స్పిన్‌లతో తలకు తల ఢీకొనే స్థితిలో తక్కువ శక్తి దగ్గర ఇది ధనాత్మకం, శక్తి పెంచుతూ పోతే తగ్గుతూ వచ్చి 250 ఎంఈవీల దగ్గర్లో సున్నా దాటి రుణాత్మకం అవుతుంది. కణాలు గొయ్యి దాటి గోడను తాకాయనడానికి సాక్ష్యం అదే.

ఆ గోడ ఎందుకుంది? రో, ఒమేగా అనే బరువైన మీసాన్ల మార్పిడి ఒక వివరణ. వాటి బరువు 780 ఎంఈవీల దగ్గర, వ్యాప్తి పావు ఫెర్మీ, ఒమేగా ఇచ్చేది వికర్షణ. కానీ ప్రోటాన్ ఆవేశ వ్యాసార్థమే 0.84 ఫెర్మీ అయినప్పుడు, పావు ఫెర్మీ దూరంలో రెండు ప్రోటాన్లు విడివిడిగా ఉంటూ మధ్యలో మీసాన్ మార్చుకుంటున్నాయనడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అంత దగ్గరైతే ఒకదాని క్వార్కులు, అంటే ప్రోటాన్ లోపలుండే చిన్న కణాలు, ఇంకొకదాని క్వార్కుల మధ్యకు వచ్చేస్తాయి, ఒకేరకం క్వార్కులు ఒకే స్థితిలో ఉండకూడదన్న పౌలీ నియమం అడ్డుపడుతుంది. 2007లో ఇషి, అవోకి, హత్సుదా అనే ముగ్గురు జపాన్ శాస్త్రవేత్తలు మీసాన్ల ఊహ ఏదీ పెట్టుకోకుండా, నేరుగా క్వార్కులు, వాటిని అతికి ఉంచే గ్లుయాన్ల సమీకరణాల్ని సూపర్‌కంప్యూటర్ మీద చుక్కల వలలో పరిచి లెక్కించారు. అప్పటి లెక్కలో పయాన్‌ను అసలుకన్నా బరువుగా తీసుకోవాల్సి వచ్చింది, అయినా బయట ఆకర్షణ, లోపల గోడ, రెండూ వచ్చాయి. డెబ్భై ఏళ్ళుగా ఢీకొట్టించి ఊహించిన గీత, అసలు సిద్ధాంతం నుంచి తనంతట తాను బయటికి రావడం అది. ఈ రంగంలో అంతకన్నా సంతోషించాల్సిన ఫలితాలు కొద్దిగానే ఉంటాయి.

ఒక హెచ్చరిక అవసరం. ఈ గీత ఫొటో తీసిన బొమ్మ లాంటిది కాదు. ఇలాంటి గీతకు రాసిన సూత్రాన్ని పొటెన్షియల్ అంటారు. 1968 నాటి రీడ్ పొటెన్షియల్, అమెరికాలోని ఆర్గోన్ ల్యాబ్ పేరుతో ఉన్న 1995 నాటి ఆర్గోన్ వీ18, ఇంకా పారిస్, బాన్ పేర్లతో ఉన్నవి, అన్నీ అవే ప్రయోగ ఫలితాలకు సరిపోతాయి, కానీ అర ఫెర్మీ లోపల ఒకదానికొకటి పోలికే ఉండదు. 0.8 ఫెర్మీ అన్నది కాంతి వేగంలా ప్రకృతి స్థిరాంకం కాదు, ఏ నమూనా తీసుకుంటే దాన్నిబట్టి అటూ ఇటూ జరిగే అంకె. పరీక్షలో 0.8 రాయండి, తప్పు లేదు, కానీ అది ఎలాంటి అంకో తెలిసి రాయండి.

గొయ్యీ గోడా రెండూ ఉండబట్టే సంతృప్తత వచ్చింది, ఆ నాలుగు ముక్కల్లో అర్థం కాకుండా బట్టీ పట్టేది ఎక్కువగా ఇదే. వ్యాప్తి చిన్నది కాబట్టి ప్రతి న్యూక్లియాన్ తన చుట్టూ ఉన్నవాటితోనే బంధం పెట్టుకోగలదు, గోడ ఉంది కాబట్టి చుట్టూ ఎన్నైనా కుక్కడానికి వీల్లేదు. అందుకే కార్బన్ అయినా, ఇనుము అయినా, బంగారమైనా కేంద్రకం లోపలి సాంద్రత ఒకటే, ఘన ఫెర్మీకి 0.16 న్యూక్లియాన్లు. న్యూక్లియాన్‌కూ న్యూక్లియాన్‌కూ మధ్య సగటు దూరం 1.8 ఫెర్మీ. ఒక్కోదాని వ్యాసార్థం 0.84 కాబట్టి రెండు పక్కపక్కన పెడితే 1.68, అంటే దాదాపు ఒరుసుకుంటూ ఉన్నా ఒకదాన్నొకటి తొక్కుకోవు. ఒక్కో న్యూక్లియాన్‌కు బంధన శక్తి చాలా కేంద్రకాల్లో 8 ఎంఈవీల దగ్గరే తిరుగుతుంది, ఇనుము-56లో 8.79. వంద ఎంఈవీల గొయ్యిలో ఉండి కూడా ఇంత తక్కువే మిగలడానికి కారణం, ఇరుకులో బంధించిన కణానికి క్వాంటం నియమాలు అంటగట్టే చలన శక్తి, అది ఆకర్షణను చాలావరకు తినేస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ రాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్, ఇనుమూ మెగ్నీషియమూ ఉన్న ఖనిజం. ఆ రాయి గట్టిదనం ఎలక్ట్రాన్ల వల్ల వచ్చింది, విద్యుత్ బలం సంగతి అది. కానీ క్రేను ఎత్తే బరువులో 99.9 శాతానికి పైగా కేంద్రకాలదే, అవి ఘనపు మిల్లీమీటరుకు రెండు లక్షల టన్నులకు పైబడ్డ సాంద్రతతో ఉంటాయి, అంతకన్నా ఎక్కువగా కూలిపోకుండా ఆ సాంద్రతను నిలబెట్టడంలో గోడకూ, పౌలీ నియమానికీ పెద్ద పాత్ర ఉంది.

ఇంతవరకు దూరం ఒక్కటే మాట్లాడుకున్నాం. నిజానికి దూరం ఒక్కటే తెలిస్తే ఈ బలం తెలియదు, స్పిన్‌లు ఎటు తిరిగి ఉన్నాయో కూడా కావాలి. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ స్పిన్‌లు ఒకవైపు ఉంటే డ్యూటెరాన్‌గా కట్టుబడతాయి, బంధన శక్తి 2.22 ఎంఈవీ. ఎదురెదురుగా ఉంటే అవే రెండూ, అదే దూరంలో, కట్టుబడవు. రెండు న్యూట్రాన్లకూ, రెండు ప్రోటాన్లకూ అదే గతి, కొద్దిలో తప్పిపోతాయి. డ్యూటెరాన్ అయినా అంచున వేలాడే సంసారమే, దాదాపు సగం సమయం ఆ రెండు కణాలూ బలం వ్యాప్తి బయటే గడుపుతాయి. 1939లో రాబీ బృందం డ్యూటెరాన్ గుండ్రంగా లేదని, స్పిన్ దిశలో కాస్త సాగి ఉందని కొలిచింది. పయాన్ మార్పిడి నుంచే వచ్చే టెన్సార్ బలం దీనికి కారణం, అది రెండు కణాల్ని కలిపే గీత స్పిన్‌తో చేసే కోణాన్ని బట్టి లాగుతుంది లేదా నెడుతుంది. ఇది ఏదో చిన్న సవరణ అనుకోవద్దు. కార్బన్ కేంద్రకంలో 20 శాతం న్యూక్లియాన్లు ఏ క్షణంలోనైనా చాలా దగ్గరైన జంటలుగా ఉంటాయని, ఆ జంటల్లో ప్రోటాన్-న్యూట్రాన్ జంటలే ప్రోటాన్-ప్రోటాన్ జంటలకు సుమారు 20 రెట్లు అని అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ ప్రయోగాలు 2008లో చూపాయి. సగటు దూరంలో తేడా తెలియని ప్రోటాన్, న్యూట్రాన్, 1 ఫెర్మీ దగ్గరికి వచ్చేసరికి ఇంత పక్షపాతం చూపిస్తాయి.

సూర్యుడు నిదానంగా మండడం కూడా దీని పుణ్యమే. రెండు ప్రోటాన్లు కలిసి నిలవగలిగితే సంలీనం చకచకా సాగిపోయేది. నిలవలేవు కాబట్టి, దగ్గరైన ఆ క్షణంలోనే ఒకటి న్యూట్రాన్‌గా మారాలి, అది బలహీన బలం చేసే అరుదైన పని. 460 కోట్ల ఏళ్ళుగా ఇంధనం మిగిలి ఉండడానికి ఆ అరుదుతనమే ఒక పెద్ద కారణం.

లోపలి గోడ ఎంత గట్టిదో భూమ్మీద పూర్తిగా తేల్చలేం, దానికి న్యూట్రాన్ నక్షత్రాల్ని, అంటే చాలావరకు న్యూట్రాన్లతోనే నిండిన అతి సాంద్రమైన నక్షత్రాల్ని, చూడాలి. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న ఎగిరిన ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎగిరిన ఎక్స్‌పోశాట్ ఈ నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాల్ని చూసేవే. 1939లో ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ న్యూట్రాన్ల మధ్య ఏ బలమూ లేదనుకుని, పౌలీ నియమం ఒక్కటే నిలబెడుతుందనుకుని లెక్కిస్తే, సూర్యుడి ద్రవ్యరాశిలో 0.7 వంతు మించితే నక్షత్రం కూలిపోవాలి. 2013లో 2.01 సూర్యుళ్ళ బరువున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని కొలిచారు, జే0740+6620 అనే ఇంకోటి 2.08 దగ్గర ఉంది. ఆ మిగతా బరువును మోస్తున్నది ముఖ్యంగా దగ్గరి వికర్షణే. అక్కడ నడిమధ్యలో సాంద్రత మామూలు కేంద్రకానికి కొన్ని రెట్లు, న్యూక్లియాన్లు 1.8 ఫెర్మీల సౌకర్యం వదులుకుని గోడ దగ్గరికి నెట్టబడతాయి.

అయితే ఆ బరువు లెక్కను రెండేసి కణాల గీతతోనే పూర్తిచేయడం కుదరదు. ఇది నక్షత్రాల దాకా పోకుండా మూడు కణాల దగ్గరే తెలిసిపోతుంది. ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లున్న ట్రిటాన్ బంధన శక్తి 8.48 ఎంఈవీ, ప్రయోగంలో కొలిచినది. ఆర్గోన్ వీ18 లాంటి మంచి పొటెన్షియల్ తీసుకుని, ప్రతి జంటకూ దూరం, స్పిన్ అన్నీ చూసి కచ్చితంగా కూడితే 7.6 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 0.9 ఏ జంట మధ్యా లేదు. మూడు న్యూక్లియాన్లు ఒకేసారి దగ్గరున్నప్పుడు, ఒకటి వదిలిన పయాన్ రెండోదాన్ని కాసేపు డెల్టా అనే బరువైన రూపంలోకి మార్చి, అది మళ్ళీ మూడోదానికి పయాన్ వదలడం లాంటివి జరుగుతాయని ఫుజితా, మియజావా 1957లో లెక్కించారు. ఆ బలానికి అడ్డంగా ఒక దూరం, నిలువుగా ఒక శక్తి పెట్టి గీత గీయలేం, త్రిభుజం మూడు భుజాలూ కావాలి. అందుకే ఇప్పుడు కేంద్రక బలం మీద పనిచేసేవాళ్ళు పుస్తకంలోని గీత దగ్గర ఆగకుండా, ఆ త్రిభుజం ఏ పరిమాణంలో ఆకర్షిస్తుంది, ఏ పరిమాణంలో వికర్షిస్తుంది అన్నదాన్ని అటు ట్రిటాన్ నుంచీ, ఇటు రెండు సూర్యుళ్ళ బరువున్న నక్షత్రాల నుంచీ పట్టుకునే ప్రయత్నంలో ఉన్నారు.